38వ వీధి, చికాగో అవెన్యూ: గైడ్‌తో నడవాలా, సొంతంగా చూసి రావాలా?

ముందే తేల్చి చెప్పేస్తాను, తీరిక ఉన్నవాళ్లు మిగతాది చదువుకోండి. మినియాపొలిస్ వెళ్లినప్పుడు జార్జ్ ఫ్లాయిడ్ స్క్వేర్ (పోలీసు చేతిలో ఆయన చనిపోయిన కూడలి, 38వ వీధీ చికాగో అవెన్యూ కలిసేచోటు) చూడాలనుకుంటే, ఆ పేటవాళ్లే నడిపే వాకింగ్ టూర్ తీసుకోండి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎక్కడ కోశానో కింద చెప్తాను. అలా కాకుండా కారులో వెళ్లి, అద్దం కూడా దించకుండా ఒక చుట్టు కొట్టి వచ్చేద్దాం అనుకుంటే మాత్రం పెట్రోలు దండగ. అలా చూస్తే కనపడేది ఏముంది, ఒక మామూలు నాలుగు రోడ్ల కూడలి, మధ్యలో పిడికిలి బొమ్మ, ఎప్పుడో మూతపడిన పెట్రోలు బంకు, ఎదురుగా ఒక కిరాణా కొట్టు, దాని ముందు వానకి తడిసిన పూలూ టెడ్డీ బేర్లూ. మా వదిన అంతకుముందు ఒకసారి అలాగే చూసొచ్చి "ఏం లేదమ్మా అక్కడ, దానికన్నా మిన్నెహాహా జలపాతం చూపిస్తా పద" అంది. గైడ్‌తో వెళ్లాక ఆ మాట వెనక్కి తీసుకుంది, అది వేరే సంగతి.

టూర్ నడిపేవాళ్ల పేరు ఇక్కడ పెట్టట్లేదు. చిన్న బృందం, నేను రాసే రెండు మూడు ఫిర్యాదులకి వాళ్ల బుకింగులు తగ్గడం నాకిష్టం లేదు. వెతికితే ఇలాంటి నడకలు దొరుకుతాయి. చూసుకోవాల్సింది ఒక్కటే, నడిపే మనిషి ఆ చుట్టుపక్కలే ఉంటున్నారా, లేక డౌన్‌టౌన్ నుంచి బస్సేసుకుని జనాన్ని దింపి ఫొటోలు తీయించే రకమా అన్నది.

విషయం తెలియనివాళ్లు ఉండరు గానీ, కుర్రవాళ్ల కోసం రెండు ముక్కలు. 2020 మే 25, మెమోరియల్ డే సెలవు రోజు సాయంత్రం. ఆ కూడలిలో ఉన్న కప్ ఫుడ్స్ అనే కొట్టు నుంచి, ఎవరో నకిలీ 20 డాలర్ల నోటు ఇచ్చారని పోలీసులకి ఫోన్ వెళ్లింది. వచ్చిన పోలీసుల్లో డెరెక్ షోవిన్ అనే అతను 46 ఏళ్ల జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని బేడీలతో రోడ్డు మీద బోర్లా పడుకోబెట్టి మెడ మీద మోకాలు ఆనించాడు, ఫ్లాయిడ్ ప్రాణం పోయింది. 8 నిమిషాల 46 సెకన్లని మొదట్లో అందరూ అన్నారు, కోర్టులో లెక్క తేలింది మాత్రం 9 నిమిషాల 29 సెకన్లు. మర్నాటికి పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటనలో మోకాలి ఊసే లేదు, అరెస్టు సమయంలో ఆరోగ్యం దెబ్బతిని చనిపోయినట్టు రాశారు. డార్నెల్లా ఫ్రేజియర్ అనే 17 ఏళ్ల అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసి పెట్టకపోతే ఆ ప్రకటనే చరిత్ర అయిపోయేది. ఆ అమ్మాయికి 2021లో పులిట్జర్ వాళ్లు ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు.

ఇదంతా టీవీలో చూసేశాం కదా, కొత్తగా గైడ్ ఏం చెప్తుందిలే అనే వెళ్లాను.

మా గైడ్ అక్కడికి నాలుగు వీధుల అవతల ఉండే నల్లజాతి మహిళ, యాభై దాటి ఉంటాయి, రిటైరయ్యాక ఈ పని పెట్టుకుంది. నాకు మొదట నచ్చింది ఏమిటంటే, అందరూ కొట్టు ముందు నుంచి మొదలుపెడతారనుకుంటే ఆవిడ మమ్మల్ని ఎదురుగా ఉన్న పెట్రోలు బంకులోకి తీసుకెళ్లింది. ఒకప్పుడు స్పీడ్‌వే వాళ్లది. ఇప్పుడు దాన్ని పీపుల్స్ వే అంటారు. జనం ఎక్కడో బలం అక్కడే అనే అర్థం వచ్చే మాటలు ఆ బంకు మీద రాసి ఉంటాయి. ఫ్లాయిడ్ పోయాక జనం నిరసనగా ఆ కూడలికి అడ్డం పెట్టి రోడ్డు మూసేశారు. ఆ గందరగోళం రోజుల్లో చుట్టుపక్కల వాళ్లు రోజూ పొద్దునా సాయంత్రం అక్కడ చేరి మాట్లాడుకునేవాళ్లట, చలికాలంలో మంట వేసుకుని మరీ. మినెసోటా చలి తెలిసినవాళ్లకి ఆ మంట సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ మీటింగుల్లో రాజకీయం ఎంతుండేదో చెత్త ఎవరు తీయాలి, కొత్తవాళ్లని ఎవరు పలకరించాలి, రాత్రి కాపలా ఎవరిది అనే గోల కూడా అంతే ఉండేదట. 2020 ఆగస్టులో నగరం ముందు 24 డిమాండ్ల జాబితా పెట్టారు, అవి తీరేదాకా రోడ్డు తెరవనివ్వం అన్నారు. ఏడాదికి పైగా ఆ కూడలిలో ట్రాఫిక్ లేదు. 2021 జూన్ 3న తెల్లవారుజామున నగరం మనుషులు యంత్రాలతో వచ్చి కాంక్రీటు దిమ్మెలు ఎత్తుకుపోయారు. పేటవాళ్లు వెంటనే చేతికి దొరికిన సామానుతో మళ్లీ అడ్డం పెట్టారు, అదే నెలలో చివరికి బళ్లు తిరగడం మొదలైంది. ఆ పెట్రోలు బంకు స్థలాన్ని 2023లో నగరమే కొనేసింది. దాన్ని ఏం చెయ్యాలి, ఆ రోడ్డుని నడిచేవాళ్లకే వదిలేయాలా బళ్లు తిరగనివ్వాలా అని మేయరుకీ కౌన్సిల్‌కీ పేటవాళ్లకీ ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. కాబట్టి నేను చూసిన రూపంలోనే మీకూ కనపడుతుందని హామీ ఇవ్వలేను, మారిపోయి ఉండొచ్చు.

అక్కడి నుంచి చూస్తే మధ్యలో పిడికిలి. ఇప్పుడున్నది లోహంతో చేసింది, 2021 జనవరిలో పెట్టారు. మొదట ఉన్నది చెక్కది. ఆ చెక్క పిడికిలి ఏమైంది అని నేను అడగకపోతే ఆవిడ చెప్పేది కాదేమో. 2021 ఏప్రిల్ 11న, అంటే సరిగ్గా షోవిన్ విచారణ జరుగుతున్నప్పుడు, పక్కనే ఉన్న బ్రూక్లిన్ సెంటర్‌లో డాంటే రైట్ అనే 20 ఏళ్ల కుర్రాడిని ఒక పోలీసు అధికారి కాల్చింది, టేజర్ (కరెంటు షాక్ ఇచ్చే పరికరం) అనుకుని తుపాకి తీశానని చెప్పింది. చెక్క పిడికిలిని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టారు. ఒక స్మారకంలోంచి ఇంకో స్మారకానికి సామాను పంపాల్సి రావడం ఏమిటి అని మా వదిన నాతో తెలుగులో గొణిగింది. ఆవిడ ఏమంటోంది అని గైడ్ అడిగితే ఇంగ్లీషులో చెప్పాం. తల ఊపి ముందుకు నడిచింది.

ఇక కొట్టు. దాని పేరు ఇప్పుడు యూనిటీ ఫుడ్స్, కప్ ఫుడ్స్ అని వెతికితే తికమక పడకండి. (ఇంకో తికమక కూడా ఉంది. లేక్ స్ట్రీట్‌లో కబ్ ఫుడ్స్ అని పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది, మినెసోటా అంతా వాళ్ల కొట్లే. రెండూ వేరు. మా అన్నయ్య ఇన్నేళ్లుగా అక్కడుండి కూడా రెండూ ఒకటే అనుకున్నాడు.) పక్క గోడ మీద పెద్ద బొమ్మ, పొద్దుతిరుగుడు పువ్వు ముందు ఫ్లాయిడ్ ముఖం, ఆ పువ్వు నడుమ సన్న అక్షరాల్లో పోలీసుల చేతిలో పోయిన ఇతరుల పేర్లు. చనిపోయిన వారం తిరక్కముందే స్థానిక చిత్రకారులు కలిసి వేసేశారు. ఆ పేర్లు కారులోంచి కనపడవు, దగ్గరికి వెళ్లి తల ఎత్తి చదవాలి.

సరిగ్గా ప్రాణం పోయిన చోట రోడ్డు మీద ఒక మనిషి ఆకారం గీసి ఉంటుంది, రెక్కలతో. మా గుంపులో ఒకాయన ఫొటో యాంగిల్ కోసం బూటు కాలు దాని మీద పెట్టబోయాడు. గైడ్ కేకేసింది, మామూలుగా కాదు. అంతవరకు నవ్వుతూ మాట్లాడిన మనిషి ఆయన్ని నిలబెట్టి కడిగేసింది. ఆయన క్షమించమని అడిగాడు, తర్వాత టూర్ అంతా వెనక వెనకే నడిచాడు. కొంతమందికి ఇది చేదుగా అనిపించొచ్చు, డబ్బిచ్చి తిట్లు తినడం ఏమిటని. నాకైతే అలా అనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ టూరుకి నాలుగు మార్కులు ఎందుకంటే దీనికోసం.

మేం వెళ్లిన ముందు రాత్రి వాన పడింది. గైడ్ మాట్లాడుతూనే ప్రతి నాలుగడుగులకీ వంగేది. ఎవరో పెట్టిన పూలగుత్తి తీసి, చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పి, అందులో నిలిచిన నీళ్లు వంపేసి, పూలని మళ్లీ అక్కడే పెట్టి ప్లాస్టిక్ మాత్రం భుజానున్న సంచిలో వేసుకునేది. ప్లాస్టిక్‌లో ఉంటే పూలు కుళ్లిపోతాయి, విప్పితే ఎండుతాయి, ఎండిన పూలు ఎన్నాళ్లయినా ఉంటాయి అని చెప్పింది. ఒక చోట పిల్లలెవరో క్రేయాన్లతో రాసిన ఉత్తరం ఉంది, అట్టముక్క మీద, వానకి రంగులు కారిపోయి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. మేమైతే చెత్తలో వేసేవాళ్లం. ఆవిడ దాన్ని రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తి, సంచిలోంచి మందపాటి అట్ట తీసి దాని మీద చదునుగా పరిచి, పైన ఇంకో కాగితం కప్పి పెట్టుకుంది. ఆరబెట్టి దాచిపెడతారట. అక్కడ రూల్ ఏమిటంటే, ఎవరు ఏది పెట్టి వెళ్లినా అది ఒకరి సమర్పణ, దేన్నీ పారేయకూడదు. తిని పడేసిన కాగితంలా కనపడినా సరే, రెండుసార్లు చూడాలి.

ఈ పని ఇప్పటిది కాదు. జనీల్ ఆస్టిన్ అనే ఆవిడ మొదట్లోనే ఇరుగుపొరుగుని కూడగట్టి పొద్దున్నే ఈ శుభ్రం చేసే పని మొదలుపెట్టింది, తర్వాత దానికి ఒక సంస్థ కూడా ఏర్పడింది, ఫ్లాయిడ్ పిన్ని ఏంజెలా హ్యారెల్‌సన్ కూడా అందులో పెద్ద బాధ్యతే తీసుకుంది. ఉత్తరాలు, బొమ్మలు, టోపీలు, బోర్డులు వేల సంఖ్యలో దాచారు, కళాఖండాలని భద్రపరిచే నిపుణుల సాయం కూడా తీసుకున్నారు. మ్యూజియంలో అద్దం వెనక ఉన్న వస్తువుని భద్రపరచడం ఒక ఎత్తు, మైనస్ ఇరవైల చలిలో, మంచులో, పక్కనించి బళ్లు బురద చిమ్ముతుంటే రోడ్డు మీద వస్తువులని కాపాడటం ఇంకో ఎత్తు. చూడటానికి చిందరవందరగా ఉంది అనుకునే ఆ కుప్ప వెనక ఇంత లెక్కాజమా ఉందని ఎవరో ఒకరు పక్కన ఉండి చూపిస్తే తప్ప తెలియదు. నాకు తెలిసింది కూడా ఆవిడ ఉపన్యాసం వల్ల కాదు, ఆ వంగడం చూసి.

అక్కడి నుంచి చికాగో అవెన్యూ మీద ఉత్తరానికి నడిపించింది. ఆ రోడ్డుకి 37 నుంచి 39 దాకా ఫ్లాయిడ్ పేరు కూడా పెట్టారు, 2022లో, బోర్డులు చూడొచ్చు. రోడ్డు మీదే వరసగా పేర్లు రాసి ఉంటాయి, పోలీసుల చేతిలో పోయినవాళ్లవి. టైర్ల కింద వెలిసిపోతుంటే మళ్లీ పూస్తుంటారట. గబగబా నడిచేస్తే పెయింటు గీతల్లా ఉంటాయి. ఆవిడ కొన్ని పేర్ల దగ్గర ఆగింది. ఫిలాండో కాస్టీల్ దగ్గర ఎక్కువసేపు. సెయింట్ పాల్‌లో ఒక స్కూలు క్యాంటీన్‌లో సూపర్‌వైజరు, ఏ పిల్లకి పాలు పడవో ఏ పిల్లాడికి ఏది తింటే దద్దుర్లు వస్తాయో అన్నీ గుర్తుపెట్టుకునేవాడని తోటివాళ్లు చెప్పారు. 2016 జులై 6న ఫాల్కన్ హైట్స్‌లో కారు ఆపి కాల్చేశారు, పక్క సీట్లో ఉన్న అమ్మాయి ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టింది. కాల్చిన అధికారిని మరుసటి ఏడు జ్యూరీ వదిలేసింది. జమార్ క్లార్క్, 2015 నవంబరు, ఆ తర్వాత నార్త్‌సైడ్‌లో నాలుగో ప్రిసింక్ట్ పోలీస్ స్టేషన్ ముందు జనం 18 రోజులు గుడారాలు వేసుకుని కూర్చున్నారు. అమీర్ లాక్, 2022 ఫిబ్రవరి, తలుపు కొట్టకుండా లోపలికి వచ్చే వారంటు, సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకున్న కుర్రాడు. ఇవన్నీ ఆ నగరమూ దాని చుట్టుపక్కలే. ఫ్లాయిడ్ పేరు ఒక్కటే తెలిసిన నాబోటి వాళ్లకి ఈ వరస తెలియడమే పెద్ద లాభం, ఎందుకంటే 2020లో జనం అంత త్వరగా రోడ్ల మీదకి ఎలా వచ్చారో ఇది చూస్తేనే అర్థమవుతుంది, అప్పటికే వాళ్లకి ఆ దారి అలవాటు.

చివరగా 37వ వీధి, పార్క్ అవెన్యూ మూల దగ్గర గడ్డి మైదానం. అక్కడ తెల్లటి సమాధి రాళ్ల ఆకారంలో బోర్డులు వరసలు కట్టి నిలబెట్టి ఉన్నాయి. 2020 జూన్‌లో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు, అప్పట్లో వంద దాకా పెట్టారు. నిజం సమాధులు కావు, కింద ఎవరూ లేరు, కానీ పల్లపు నేల, గడ్డి, చుట్టూ ఇళ్లు, ఎదురింటి పోర్టికోలో ఎవరో కాఫీ తాగుతున్నారు. మా మేనల్లుడు పదో తరగతి వాడు, వాడు పేర్ల కింద తేదీలు చూసుకుంటూ పోయాడు, "అత్తా, ఇతను నా వయసే" అన్నాడు. వాడిని అక్కడ కాసేపు వదిలేశాను.

ఆ మేనల్లుడే గైడ్‌ని మంచి ప్రశ్న అడిగాడు, ఇంతా జరిగాక అసలు ఏం మారింది అని. ఆవిడ వేళ్లు మడిచి లెక్క చెప్పింది, అది నాకు బాగా పనికొచ్చింది కాబట్టి రాస్తున్నా. నగరం ఫ్లాయిడ్ కుటుంబానికి 2.7 కోట్ల డాలర్లు ఇచ్చి దావా పరిష్కరించుకుంది. షోవిన్‌ని 2021 ఏప్రిల్ 20న దోషిగా తేల్చారు, 22 ఏళ్ల 6 నెలల శిక్ష, మిగతా ముగ్గురు పోలీసులకీ జైలు పడింది. పోలీసు శాఖని తీసేసి వేరే భద్రతా శాఖ పెడదామా అని 2021 నవంబరులో ఓటింగు పెడితే జనం వద్దన్నారు, 56 శాతం పైచిలుకు. 2022లో రాష్ట్ర మానవ హక్కుల శాఖ, 2023లో కేంద్ర న్యాయ శాఖ, రెండూ విచారించి మినియాపొలిస్ పోలీసుల్లో జాతి వివక్ష మామూలైపోయిందని తేల్చాయి. కేంద్రంతో కుదిరిన సంస్కరణల ఒప్పందాన్ని 2025 మేలో ట్రంప్ ప్రభుత్వం వద్దనేసింది, కోర్టు కొట్టేసింది. రాష్ట్రంతో చేసుకున్నది మాత్రం కోర్టు పర్యవేక్షణలో నడుస్తోంది. ఇంతా చెప్పి, "మారిందా లేదా అన్నదానికి ఇంకో టూర్ పెట్టాలి నాయనా, అది మధ్యాహ్నం భోజనాలయ్యాక" అని నవ్వేసింది.

సరే, మార్కు ఎక్కడ కోశాను.

వ్యాపారుల విషయంలో. ఏడాది పాటు రోడ్డు మూసేస్తే ఆ కొట్లకి గిరాకీ ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుసు. అప్పట్లో రాత్రిళ్లు అక్కడ కాల్పులు కూడా జరిగాయి, మనుషులు పోయారు, అంబులెన్సులు లోపలికి రావడం కష్టమైందని గొడవలు. కొందరు వ్యాపారులు 2023లో నగరం మీద దావా వేశారు. మా గైడ్ ఇదంతా రెండు వాక్యాల్లో దాటేసింది, అడిగితే కొంచెం విసుగ్గా జవాబిచ్చింది. ఆ వ్యాపారుల్లోనూ నల్లవాళ్లున్నారు, వలస వచ్చినవాళ్లున్నారు, వాళ్ల బతుకూ ఆ కూడలిలోదే. చెత్తకుప్పలో ఉత్తరం కనపడ్డ మనిషికి కొట్లవాళ్ల గోడు వినపడకపోవడం నాకు నచ్చలేదు. ఇద్దరి వైపూ చెప్పి ఉంటే ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని.

ఇంకా చిన్నవి. గుంపు పెద్దదైపోయింది, మైకు లేదు, బస్సు వెళ్లినప్పుడల్లా వెనకున్నవాళ్లకి సగం మాటలు పోయాయి. మధ్యలో బాత్రూమ్ ఎక్కడా ఉండదని ముందు చెప్పలేదు, పెద్దవాళ్లతో వెళ్తే ఇది చిన్న విషయం కాదు. కూర్చునే చోటు కూడా తక్కువ. రుసుము ఇంత అని గట్టిగా పెట్టలేదు, తోచింది ఇవ్వమన్నారు. మనవాళ్లకి అదొక టెన్షన్, ఎంతిస్తే బాగుంటుందో తెలియక.

అన్నింటికన్నా పెద్ద లోటు, టూర్ ఆ పేట దాటి వెళ్లదు. మిగతా సగం కథ లేక్ స్ట్రీట్‌లో ఉంది. అది మీరే చూసుకోవాలి, చూడండి కూడా. చికాగో అవెన్యూ పట్టుకుని నేరుగా ఒక మైలు ఉత్తరానికి వెళ్తే లేక్ స్ట్రీట్ తగులుతుంది, ఆ మూలనే మిడ్‌టౌన్ గ్లోబల్ మార్కెట్, పాత సియర్స్ భవనంలో. భోజనానికి, బాత్రూమ్‌కి అక్కడే ఆగండి. అక్కడి నుంచి తూర్పుగా బి లైన్ బస్సు ఎక్కితే మిన్నెహాహా అవెన్యూ దగ్గర మూడో ప్రిసింక్ట్ పోలీస్ స్టేషన్ భవనం. 2020 మే 28 రాత్రి పోలీసులు దాన్ని వదిలేసి వెళ్లిపోయారు, జనం తగలబెట్టారు. ఏళ్ల తరబడి అది కంచె వేసుకుని అలాగే నిలబడింది, దాన్ని ఎన్నికల సేవల కేంద్రంగా మార్చాలని నగరం నిర్ణయించింది.

మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన చోటు ఆ దగ్గర్లోనే ఉండేది, గాంధీ మహల్ అనే రెస్టారెంటు. నడిపింది బంగ్లాదేశ్ నుంచి వచ్చిన రుహెల్ ఇస్లాం. మా అన్నయ్య మొదట్లో అటువైపు ఉన్నప్పుడు అక్కడ తినేవాడట. గొడవల్లో దెబ్బలు తిన్నవాళ్లకి కట్లు కట్టడానికి ఆ హోటల్లోనే ఒక గది ఇచ్చారు. రెండో రోజో మూడో రోజో పక్క భవనాల మంట అంటుకుని అదీ కాలిపోయింది. అప్పుడాయన ఫోన్‌లో ఎవరితోనో "నా బిల్డింగ్ కాలిపోనివ్వండి, న్యాయం జరగాలి" అంటుంటే కూతురు విని ఫేస్‌బుక్‌లో పెట్టింది, ప్రపంచమంతా తిరిగింది ఆ మాట. పెట్టుబడి బూడిదైన రోజున ఆ మాట అనగలిగిన వ్యాపారి ఒకడు, అటు 38వ వీధిలో నగరం మీద దావా వేసిన వ్యాపారులు ఇంకొందరు. ఇద్దరినీ తప్పు పట్టలేం. ఆ ఇద్దరి కథా పక్కపక్కన పెట్టి చెప్పే టూర్ ఎవరైనా పెడితే రెట్టింపు ఇచ్చి వెళ్తాను.

లేక్ స్ట్రీట్‌లో ఆ రోజుల్లో ప్రతి కొట్టూ అద్దాలకి ప్లైవుడ్ కొట్టుకుంది, ఆ చెక్కల మీద బొమ్మలు వేశారు. ఇప్పుడు వీధిలో వెతికితే దొరకడం కష్టం. వాటిని పారేయకుండా పోగుచేసి దాచే పని మెమోరియలైజ్ ది మూవ్‌మెంట్ అనే బృందం చేస్తోంది, అప్పుడప్పుడు ప్రదర్శనలు పెడతారు. మీ తేదీలకి కుదిరితే అది కూడా చూడండి, మాకు కుదరలేదు.

వెళ్లే దారి. మాల్ ఆఫ్ అమెరికాకి ఎలాగూ వెళ్తారు కదా, అక్కడి నుంచి డి లైన్ బస్సు ఎక్కండి, చికాగో అవెన్యూ మీదుగానే వస్తుంది. పనులు జరుగుతున్నప్పుడు రూటు కాస్త మారుస్తారు, యాప్‌లో చూసుకోండి. బ్లూ లైన్ రైలుకి కూడా 38వ వీధి స్టేషన్ అని ఉంది, పేరు చూసి దిగకండి, అది హయవాథా అవెన్యూ మీద, కూడలి నుంచి మైలు పైనే దూరం. కారైతే పక్క వీధుల్లో పార్కింగ్ దొరుకుతుంది, ఇళ్ల ముందు కాబట్టి డ్రైవ్‌వేలకి అడ్డం పెట్టకండి.

సేఫేనా అని అందరూ అడిగే ప్రశ్న. పగటిపూట మాకేమీ ఇబ్బంది అనిపించలేదు. స్ట్రోలర్ తోసుకుంటూ తల్లులు, కొట్లోంచి పాల డబ్బా పట్టుకెళ్లే ముసలాయన, బస్సు కోసం నిలబడ్డ స్కూలు పిల్లలు, మామూలు పేట. చీకటి పడ్డాక ఫోన్ చేత్తో పట్టుకుని కొత్త పేటలో తిరగడం ఏ ఊళ్లోనైనా మంచిది కాదు, అంతే. మనుషుల ఫొటోలు అడక్కుండా తీయకండి, ముఖ్యంగా స్మారకం దగ్గర శుభ్రం చేస్తున్నవాళ్లవి. పూలు తీసుకెళ్తే ప్లాస్టిక్ మీరే విప్పి పెట్టండి, వాళ్లకి ఒక పని తగ్గుతుంది. పదేళ్లలోపు పిల్లలకి వద్దంటాను, వివరాలు గట్టిగానే చెప్తారు, నడకా ఎక్కువే. వానాకాలమైతే పాత బూట్లు వేసుకోండి, ఆ గడ్డి మైదానం మోకాళ్లదాకా కాకపోయినా చీలమండల దాకా దిగబడుతుంది. బుక్ చేసేటప్పుడు గుంపులో ఎంతమంది ఉంటారో మెయిల్ పెట్టి కనుక్కోండి, పది దాటితే వేరే రోజు అడగండి, మార్చి ఇస్తారు.